ఉచిత గది వెనుక లెక్క: హోటల్ సభ్యత్వాలు, కేసినో పాయింట్లు

అమెరికాలోని పిల్లల వద్దకు వెళ్లి వచ్చిన తల్లిదండ్రులు మన సరిహద్దు గ్రామాలలో నేడు అరుదు కాదు. బళ్ళారి వైపు గాని, హోసూరు వైపు గాని, పర్లాకిమిడి, యానాం వైపు గాని, వారు తిరిగి వచ్చి చెప్పే ముచ్చట్లలో గ్రాండ్ కేనియన్ లోయ ఒకటి. ఆ లోయకు పోయే దారిలో బస చేసే లాస్ వేగాస్ నగరం మరొకటి. "ముప్పై అంతస్తుల హోటలులో రెండు రాత్రులు ఉన్నాము, అబ్బాయి గదికి ఒక్క డాలరు కూడా కట్టలేదు" అని వారు సంతోషంగా చెబుతారు. వినే బంధువులు పైకి ఏమీ అనరు. కాని జూదశాల గల హోటలులో గది ఊరక ఎందుకు ఇస్తారు, అబ్బాయి ఏమైనా ఆడుతున్నాడా అన్న అనుమానం వారి మనసులో మెదలుతుంది.

ఆ అనుమానం అర్థం లేనిది కాదు, అలాగని ప్రతిసారీ నిజమూ కాదు. లాస్ వేగాస్‌లో ఉచిత గది రెండు దారులలో వస్తుంది. ఒకటి హోటల్ సంస్థల సభ్యత్వ పథకం ద్వారా, రెండవది కేసినోల ఆటగాళ్ళ పథకం ద్వారా. గడచిన పుష్కర కాలంలో ఈ రెండు పథకాలు ఒకదానితో ఒకటి పొత్తు కుదుర్చుకున్నందున, బయటివారికి ఏది ఏదో తెలియకుండా పోయినది. పొత్తు వలన ప్రయాణికునికి నిజమైన లాభాలు ఉన్నవి. అవి ఎవరికి, ఎంత మేరకు దక్కుతాయన్నదే ఇక్కడ చూడవలసిన విషయం.

హోటల్ సభ్యత్వం పుట్టిన విధము

సంతలో కూరగాయలు కొన్నప్పుడు తూకం అయిన పిమ్మట రెండు మిరపకాయలో, ఒక కరివేపాకు రెమ్మో కొసరుగా వేయించుకోవడం మనకు తెలిసినదే. వచ్చే వారం మళ్ళీ అదే అంగడికి రావాలన్నది కొసరులోని ఉద్దేశం. అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ 1981లో ఈ కొసరును లెక్క రాసి ఇచ్చే పద్ధతి మొదలుపెట్టి, ప్రయాణించిన మైళ్ళను సభ్యుని ఖాతాలో జమ చేసినది. 1983లో హాలిడే ఇన్, మారియట్ హోటళ్ళు ఆ దారి పట్టినవి. 1987లో హిల్టన్ తన పథకాన్ని ప్రారంభించినది. మారియట్ 2016లో స్టార్‌వుడ్ సంస్థను కొనివేసి, 2019లో పథకాలన్నింటినీ కలిపి బాన్‌వాయ్ అని పేరు పెట్టినది.

ఇక్కడ మన పిల్లల ఉద్యోగాలకు సంబంధించిన సంగతి ఒకటి ఉన్నది. సాఫ్ట్‌వేర్ సలహా సంస్థలలో పని చేసేవారిలో కొందరు సోమవారం విమానమెక్కి వేరే ఊరికి పోయి, గురువారం ఇల్లు చేరుతుంటారు. హోటలు బిల్లు కంపెనీ కడుతుంది. పాయింట్లు మాత్రం బస చేసినవాని ఖాతాలో పడతాయి. మారియట్ వారి అధిక శాతం హోటళ్ళలో ఖర్చు పెట్టిన డాలరుకు 10 పాయింట్లు ఇస్తారు. రాత్రికి 150 డాలర్ల గదిలో వారానికి నాలుగు రాత్రుల చొప్పున ఏడాదిలో నలభై వారాలు గడిపిన ఉద్యోగికి 24,000 డాలర్ల బసపై 2,40,000 పాయింట్లు చేరుతాయి. స్థాయి పెరిగిన సభ్యునికి దీనిపై అదనపు పాయింట్లు కూడా వస్తాయి. అమ్మానాన్నలు వచ్చినప్పుడు అబ్బాయి గదికి డబ్బు కట్టకపోవడానికి ఇంతకంటె వేరే కారణం ఉండనక్కరలేదు. ఏడాది పొడుగునా పరాయి ఊళ్ళలో పడుకున్నందుకు వచ్చిన కొసరు అది.

కేసినో కార్డు వేరు

ఆటగాళ్ళ కార్డు చరిత్ర ఇందుకు భిన్నమైనది. హారాస్ అనే కేసినో సంస్థ 1997లో టోటల్ గోల్డ్ పేరుతో తన కేసినోలన్నింటికీ చెల్లే కార్డును ప్రవేశపెట్టినది. మరుసటి ఏడాది హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో ఆచార్యుడైన గ్యారీ లవ్‌మన్ ఆ సంస్థలో ఉన్నతాధికారిగా చేరి, కార్డు ద్వారా వచ్చే సమాచారాన్ని వ్యాపారానికి మూలధనంగా మార్చినాడు. ఎవరు ఏ యంత్రం ముందు ఎంతసేపు కూర్చున్నారు, నొక్కునొక్కుకు ఎంత పందెం కట్టారు, ఎప్పుడు లేచిపోయారు అన్నదంతా లెక్కకు వచ్చినది. హారాస్ 2005లో సీజర్స్ సంస్థను కొన్నది, తరువాత ఆ పేరునే తాను పెట్టుకున్నది. పథకం పేరు టోటల్ రివార్డ్స్ నుండి 2019లో సీజర్స్ రివార్డ్స్‌గా మారినది. 2015లో సీజర్స్ ప్రధాన విభాగం దివాలా న్యాయస్థానానికి చేరినప్పుడు, అప్పులవారు ఆ సంస్థ ఆస్తులను విలువ కట్టినారు. భవనాలను పక్కన పెట్టి ఈ సభ్యుల పట్టికకే సుమారు వంద కోట్ల డాలర్లు వేసినారట! కొసరు ఇచ్చేవాని చిట్టా పుస్తకం అంగడికన్నా విలువైనదిగా తేలినది.

కేసినో ఉచితంగా ఇచ్చే గదిని, భోజనాన్ని అక్కడివారు 'కాంప్' అంటారు. ఇది ఆటగాడు గెలిచాడా ఓడాడా అన్నదాని మీద ఆధారపడదని చాలామందికి తెలియదు. అతడు ఎంత పోగొట్టుకోగలడని యంత్రం అంచనా వేస్తుందో దానిలో కొంత భాగాన్ని వెనక్కు ఇస్తారు. నొక్కుకు ఒక డాలరు, గంటకు 600 నొక్కులు, నాలుగు గంటల ఆట అనుకుంటే 2,400 డాలర్ల పందెం జరిగినట్లు. యంత్రం తన వాటాగా నూటికి ఏడు ఉంచుకుంటుందనుకుంటే 168 డాలర్లు కేసినోకు రావలసిన రాబడి. మంగళవారం రాత్రి ఖాళీగా ఉండే గదిని ఊరక ఇచ్చినా యజమానికి మిగులే.

అయితే ఆ మనిషి జేబులో 2,400 డాలర్లు ఉండనక్కరలేదు. నూరు డాలర్ల నోటు వేసి, గెలిచిన చిల్లరను మళ్ళీ మళ్ళీ పందెం కాస్తే నూటికి ఏడు చొప్పున అది కరిగేలోగా పద్నాలుగు వందల డాలర్ల దాకా పందెం తిరుగుతుంది. తిరునాళ్ళలో 'కాయ్ రాజా కాయ్' బల్ల దగ్గర నిలబడినవారికి ఈ కరుగుడు వేరే చెప్పనక్కరలేదు. నెవాడా రాష్ట్ర నియమం ప్రకారం యంత్రం కనీసం 75 శాతమైనా తిరిగి ఇచ్చేటట్లు ఉండాలి. వాస్తవంలో రాష్ట్రం మొత్తం మీద యంత్రాలు నూటికి సుమారు ఏడు ఉంచుకుంటున్నవి.

ఇప్పుడు పాయింట్ల లెక్క. సీజర్స్ రివార్డ్స్‌లో స్లాట్ యంత్రంలో 5 డాలర్ల పందెం తిరిగితే ఒక క్రెడిట్ వస్తుంది. నూరు క్రెడిట్లు ఒక డాలరుకు సమానం. అనగా ఒక డాలరు కొసరు రావడానికి 500 డాలర్ల పందెం జరగాలి. నూటికి ఏడు చొప్పున అందులో 35 డాలర్లు పోతాయి. 35 పోగొట్టి ఒకటి పుచ్చుకోవడం!

స్థాయి సంపాదించడం ఇంకా ఖరీదు. ఆ పథకంలో డైమండ్ అనే స్థాయికి ఏడాదిలో 15,000 టియర్ క్రెడిట్లు కావాలి. అదనపు క్రెడిట్ల రోజులను వదలిపెట్టి కేవలం స్లాట్ యంత్రాల మీదనే లెక్కిస్తే 75,000 డాలర్ల పందెం, 5,250 డాలర్ల నష్టం. దానికి బదులుగా వచ్చేవి రిసార్ట్ రుసుము మాఫీ, ఉచిత పార్కింగ్, ప్రత్యేక వరుసలో నిలబడే హక్కు వంటివి. ఆట అంటే సరదా ఉండి ఎటూ ఆడేవారు కార్డు పెట్టకుండా ఆడితే ఆ చిన్న కొసరు కూడా పోగొట్టుకున్నట్లే, అది నిజమే. కాని పాయింట్ల కోసం ఆడేవానికి ఈ లెక్క ఏనాటికీ కలిసిరాదు. "ఇంకో రెండు వందల క్రెడిట్లు వస్తే పై స్థాయి" అని అర్ధరాత్రి సెల్‌ఫోనుకు సందేశం వచ్చేది ఇందుకే.

పొత్తులు ఎందుకు, ఎవరితో ఎవరికి

కేసినో సంస్థకు లాస్ వేగాస్‌లో వేలకొద్దీ గదులు ఉన్నవి, కాని ఇతర ఊళ్ళలో ఉనికి తక్కువ. హోటల్ సంస్థకు దేశదేశాలలో కోట్లాది సభ్యులు ఉన్నారు, కాని లాస్ వేగాస్ నడివీధిలో పెద్ద హోటళ్ళు లేవు. ఒకరి లోటు మరొకరు తీర్చుకోవడమే పొత్తు. జూదం ఆడని ప్రయాణికుడు కూడా ఖర్చు పెడతాడని కేసినోలు గ్రహించడం ఇందులో ఇంకొక కారణం. సంగీత కచేరీలు, భోజనశాలలు, వ్యాపార సమావేశాల మీద వచ్చే రాబడి ఆ వీధిలో ఆట రాబడిని ఎప్పుడో దాటిపోయినది.

2010 డిసెంబరులో తెరచిన కాస్మొపాలిటన్ హోటలు మొదటి నుండి మారియట్ వారి ఆటోగ్రాఫ్ వర్గంలో ఉన్నది. 2013లో ఎం.జి.ఎం. రిసార్ట్స్ సంస్థ హయత్ హోటళ్ళతో పొత్తు పెట్టుకున్నది. ఒకచోట ఉన్న స్థాయిని రెండవచోట కూడా గుర్తించడం దీనిలోని ముఖ్యాంశం. హయత్‌లో పై స్థాయిలో ఉన్నవానికి, ఒక్క పందెం కాయకుండానే, ఎం.జి.ఎం. వారు తమ గోల్డ్ స్థాయి ఇచ్చేవారు. వేలకొద్దీ డాలర్లు పోగొట్టుకున్న ఆటగాడు, ఎన్నడూ యంత్రం ముట్టని ఉద్యోగి ఒకే వరుసలో నిలబడేవారు. పొత్తులలోని అసలైన లాభం ఇదే. సీజర్స్ సంస్థ విండమ్ హోటళ్ళతో ఇటువంటి ఒప్పందమే చేసుకున్నది. విండమ్ అంటే దారి పక్కన ఉండే సూపర్ 8, డేస్ ఇన్ వంటి చవక హోటళ్ళ సంస్థ. అమెరికాలో అటువంటి హోటళ్ళను నడుపుతున్న భారతీయ కుటుంబాలు అనేకం. 2021 జూన్‌లో తెరచిన రిసార్ట్స్ వరల్డ్‌లో హిల్టన్ వారి పేర్లతోనే మూడు హోటళ్ళు ఉన్నవి.

హయత్ పొత్తు 2023 సెప్టెంబరు 30తో ముగిసినది. అదే సంవత్సరం జూలైలో ఎం.జి.ఎం. మారియట్‌తో కొత్త ఒప్పందం ప్రకటించి, 2024 ఆరంభంలో అమలులోకి తెచ్చినది. బెలాజియో, ఆరియా, ఎం.జి.ఎం. గ్రాండ్, మాండలే బే, లక్సర్ మొదలైనవి ఇప్పుడు మారియట్ బాన్‌వాయ్ సభ్యులు పాయింట్లతో బస చేయదగినవి. మారియట్ పట్టికకు ఒక్కసారిగా సుమారు 40,000 గదులు చేరినవి. హయత్‌లో స్థాయి కోసం ఏళ్ళ తరబడి రాత్రులు లెక్కపెట్టుకున్నవారికి మాత్రం 2023 అక్టోబరు నుండి ఆ నడివీధి హోటళ్ళలో పాత మర్యాద లేకపోయినది. పొత్తు అనేది సంస్థల మధ్య కౌలు వంటిది, సభ్యుని పేర రాసిన పట్టా కాదు. ప్రయాణం తేదీనాటి నియమాలను ఆ సంస్థ సొంత పుటలోనే చూసుకోవాలి. నిరుడు వెళ్లి వచ్చినవారు చెప్పిన మాట ఈ ఏడాదికి చెల్లకపోవచ్చు.

ఆడని కుటుంబానికి దక్కేవి

మారియట్ పథకంలో పాయింట్లతో వరుసగా ఐదు రాత్రులు తీసుకుంటే నాలుగింటికే లెక్క కడతారు. డబ్బు కట్టి ఉన్నప్పుడు, సభ్యుడు తానొక గదిలో ఉండి మొత్తం మూడు గదుల దాకా బిల్లు తానే చెల్లిస్తే మూడింటికీ పాయింట్లు వస్తాయి. వియ్యంకుల కుటుంబంతో కలిసి వెళ్ళేవారికి ఇది పనికివచ్చే నియమం. హిల్టన్ పథకంలో ఒకే చోట పాయింట్లు పోగు చేసుకునే ఏర్పాటు ఉన్నది, పదకొండుగురి దాకా చేరవచ్చు. అన్నదమ్ములు, వదినలు, బావలు కలిస్తే విడివిడిగా ఎందుకూ చాలని పాయింట్లు ఒక గదికి సరిపోతాయి.

ఇవన్నీ హోటలు సంస్థ సొంత పుట ద్వారానో, ఫోను ద్వారానో గది తీసుకున్నప్పుడే వర్తిస్తాయి. ఇతర ప్రయాణ సైట్లలో పది డాలర్లు తక్కువకు దొరికినదని తీసుకుంటే సాధారణంగా పాయింట్లు రావు, స్థాయి మర్యాదలూ ఉండవు. ఒక మెలిక కూడా ఉన్నది. కేసినో హోటలు కేవలం భాగస్వామి. హోటల్ సంస్థ సొంత శాఖలలో పై స్థాయివారికి లభించే ఉదయపు ఫలహారం వంటివి అక్కడ ఉంటాయనుకోరాదు. అమ్మకు ఇడ్లీ దొరకదు సరే, రొట్టె ముక్క కూడా బిల్లులో కనిపించవచ్చు.

ఉచిత గది అన్నది పూర్తిగా ఉచితం కాకపోవడానికి పెద్ద కారణం రిసార్ట్ రుసుము. ఈత కొలనుకు, ఇంటర్నెట్‌కు అని చెప్పి వాడినా వాడకపోయినా రాత్రికి 40, 50 డాలర్లు, దానిపై పన్ను వసూలు చేస్తారు. హిల్టన్, హయత్ సంస్థలు పూర్తిగా పాయింట్లతో తీసుకున్న గదికి ఈ రుసుము వేయవు. మారియట్‌లో ఆ మాఫీ సాధారణంగా లేదు. పార్కింగ్ ఒకప్పుడు ఆ వీధిలో అందరికీ ఉచితం. 2016లో ఎం.జి.ఎం. రుసుము మొదలుపెట్టగా తక్కినవారు అనుసరించినారు. రెండు రాత్రులకు ఇవి కలిపి 150 డాలర్లు దాటడం వింత కాదు. 2025 మే 12 నుండి అమలులోకి వచ్చిన అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ప్రకారం హోటళ్ళు తప్పనిసరి రుసుములన్నీ కలిపిన ధరనే మొదట చూపాలి. రుసుము పోలేదు, దాగడం మాత్రం ఆగినది.

పాయింట్లకు కాలదోషం కూడా ఉన్నది. మారియట్‌లో 24 నెలలు ఖాతాలో ఏ కదలికా లేకపోతే పాయింట్లు రద్దవుతాయి. సీజర్స్‌లో ఆరు నెలలే. ఏడాదికొకసారి పోయేవానికి కేసినో క్రెడిట్లు మిగలకపోవడం యాదృచ్ఛికం కాదు.

చూడబోయే పెద్దలకు

లాస్ వేగాస్ హోటళ్ళలో ముఖద్వారం నుండి లిఫ్టు వరకు దారి తరచు ఆటశాల మధ్య నుండే పోతుంది. ఇరవై ఒక్క ఏళ్ళు నిండనివారు ఆ దారిన నడవవచ్చును గాని ఆగి నిలబడరాదు. మనవలను వెంట తీసుకుపోయే తాతయ్యలు ఇది గుర్తుంచుకోవాలి. పిల్లవాడు రంగు దీపాలు చూస్తూ యంత్రం ముందు ఆగితే కాపలావాడు వచ్చి పంపించివేస్తాడు, అతనిపై కోపించి ప్రయోజనం లేదు.

ఆటగాళ్ళ కార్డు ఒక మనిషికి సంబంధించినది. సరదాకు నాన్న చేత కొడుకు కార్డుతో ఆడించడం చిక్కులకు దారితీయవచ్చు. పెద్ద మొత్తం తగిలితే అది మీట నొక్కినవారిదిగానే లెక్కిస్తారు. సందర్శక వీసాపై వెళ్ళిన భారతీయునికి స్లాట్ యంత్రంలో జాక్‌పాట్ పడితే 30 శాతం పన్ను అక్కడికక్కడే పట్టుకుంటారు. కొన్ని దేశాలవారికి ఒప్పందం ద్వారా మినహాయింపు ఉన్నది, మన దేశం ఆ జాబితాలో లేదు. బ్లాక్‌జాక్, రూలెట్ వంటి బల్ల ఆటల గెలుపుకు మాత్రం ఈ కోత వర్తించదు.

కార్డు చేయించుకోవడానికి గుర్తింపు పత్రం చూపాలి, మన పెద్దల విషయంలో అది పాస్‌పోర్టు. 2023 సెప్టెంబరులో సీజర్స్, ఎం.జి.ఎం. రెండు సంస్థల కంప్యూటర్లపైనా దొంగల దాడి జరిగినది. సీజర్స్ సభ్యుల పట్టిక నుండి డ్రైవింగ్ లైసెన్సు సంఖ్యలు, సోషల్ సెక్యూరిటీ సంఖ్యలు కూడా పోయినవి. వంద కోట్లు విలువ కట్టిన పట్టికలో మన పేరు కూడా ఉండాలా అన్నది ఆడే ఉద్దేశం లేనివారు ఆలోచించదగినదే. గది పాయింట్ల మీద వచ్చినప్పుడు ఆటగాళ్ళ కార్డు లేకపోయినా బసకు లోటు లేదు.

దగ్గరలో గోవా

కర్ణాటక వైపు మనవారికి లాస్ వేగాస్ దూరం, గోవా దగ్గర. హోసపేట మీదుగా రైలెక్కితే చేరవచ్చు. గోవాలో 1976 నాటి జూద నిషేధ చట్టాన్ని 1992లో సవరించి ఐదు నక్షత్రాల హోటళ్ళలో యంత్రాలను, 1996 సవరణతో ఓడలపై బల్ల ఆటలను అనుమతించినారు. పణజీ వద్ద మాండవి నదిలో దీపాలతో నిలిచి ఉండే ఓడలు అవే. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలలో కేసినోలకు అనుమతి లేదు. అందువలన కొందరు పెళ్ళి విడిది బృందాలతో, మిత్రబృందాలతో అక్కడికి పోతుంటారు.

ప్రవేశ టిక్కెట్టులో భోజనం, పానీయాలు, కొంత విలువ గల ఆట చీటీలు కలిపి అమ్మడం అక్కడి పద్ధతి. ఆ చీటీలను నేరుగా నగదుగా మార్చుకోనివ్వరు, పందెం కాయవలసినదే. "టిక్కెట్టు డబ్బు తిరిగి వచ్చినట్లే గదా" అని అమ్మేవాడు అన్నప్పుడు ఈ భేదం అడగాలి. మన దేశంలో హోటల్ పాయింట్లు కూడబెట్టడానికి గోవా ఓడ ఎక్కనక్కరలేదు. 2023 ఆగస్టులో హెచ్.డి.ఎఫ్.సి. బ్యాంకు మారియట్ బాన్‌వాయ్ పేర కార్డు తెచ్చినది. హైదరాబాదులోనో విశాఖలోనో మారియట్ వర్గపు హోటలులో బస చేసిన రాత్రులు, ఆ కార్డుపై పెట్టిన ఖర్చు ఒకే ఖాతాలో పాయింట్లుగా చేరుతాయి. మారియట్ సభ్యుడు తన పాయింట్లను మరొక సభ్యుని ఖాతాకు ఏడాదికి లక్ష దాకా బదిలీ చేయవచ్చు. కాబట్టి అబ్బాయి పాయింట్లు చాలనప్పుడు హైదరాబాదు నుండి అక్క పంపినవి కలిపి బెలాజియోలో అమ్మానాన్నలకు గది తీసుకోవడం వీలయ్యే పనే. బదిలీకి రెండు ఖాతాలూ కొంతకాలంగా నడుస్తున్నవై ఉండాలి గనుక, ప్రయాణం నిశ్చయమైన రోజునే ఖాతా తెరిపించడం మంచిది. ఖాతాలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లే ఉండాలి. ఇంటిపేరు ముందు రాసుకునే మనవారికి ఎక్కువగా చిక్కు వచ్చేది అక్కడనే.